ప్యాకెట్‌లో ప్రాణం ఉందో లేదో చూసి కొనండి

రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు. సరిగ్గా ఆ ఎండల్లోనే మన ఎరువుల కొట్లకు ఖరీఫ్ సరుకు దిగుతుంది. పల్నాడులో ఒక మండల కేంద్రంలో మిట్టమధ్యాహ్నం అలాంటి కొట్టు ముందు నిలబడి చూశాను. యూరియా బస్తాలు లోపలి గదిలోకి పోయాయి. వాటితో వచ్చిన పన్నెండు అట్టపెట్టెలు మాత్రం బయట రేకుల వసారాలో గోడవారన ఆగిపోయాయి. పెట్టె మీద ‘ఎండ తగలని చల్లని చోట ఉంచవలెను’ అని పెద్ద అక్షరాలతోనే ఉంది. అట్ట మీద చెయ్యి ఆనిస్తే చురుక్కుమంది. నాలుగు గంటలకు నీడ జరిగి ఎండ నేరుగా వాటి మీదికి వచ్చింది. కొట్టాయన్ని అడిగితే, ‘‘లోపల చోటెక్కడుంది సార్, రెండ్రోజుల్లో పోతాయిలెండి’’ అన్నాడు.

పోతాయి. ఆయన అనుకున్న అర్థంలో కాదు. ఆ పెట్టెల్లో ఉన్నవి జీవన ఎరువులు. అంటే రైజోబియం, అజోస్పిరిల్లమ్, భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియా. బయటే నలభై దాటిన రోజున రేకుల కింద గంటల తరబడి మగ్గితే అవి చావడం మొదలవుతుంది. ప్యాకెట్ చెక్కుచెదరదు, రంగు మారదు, వాసన రాదు. రైతు డబ్బిచ్చి మోసుకెళ్లేది నల్లటి లిగ్నైట్ పొడి. అందులో ఉండాల్సినవి అప్పటికే సగం పోయి ఉంటాయి, ఒక్కోసారి అన్నీ.

ఈ హెచ్చరిక ఆ పొడి గురించి. దాని పక్క అరలోనే ‘బయో’ పేరుతో కూర్చున్న రంగురంగుల సీసాల గురించి కూడా. పొడిలో ప్రాణం ఉండాలి, ఉందో లేదో ఎవరూ చూడటం లేదు. సీసాలో విషం ఉండకూడదు, ఉన్నట్టు తనిఖీల్లో పలుమార్లు బయటపడింది. తొలకరి పడ్డాక ఇది చెప్పి లాభం లేదు. విత్తనం నేలలో పడ్డ రోజునే ఈ లెక్క ముగిసిపోతుంది.

సూక్ష్మజీవుల సేద్యం వట్టి మాట అని నేననడం లేదు. అనంతపురం వైపు ఎర్రచెలకలో ముప్ఫై అయిదు రోజుల శెనక్కాయ చేను. తొలి ఏడాది సేద్యం చేస్తున్న కుర్రాడు మొక్కను పీకి, మట్టి దులిపి, వేళ్లు చూపించి, ‘‘సార్, ఇవేందో బుడిపెలు లేసినాయి, వేరు తెగులా?’’ అన్నాడు. గట్టు మీద కూర్చున్న వాళ్ల జేజినాయన నవ్వి, ‘‘తెగులు కాదురా, అవుంటేనే చేను పచ్చగుండేది’’ అన్నాడు. ఆవగింజంత నుంచి జొన్నగింజంత దాకా ఉన్న బుడిపెలు. ఒకదాన్ని గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు. అది లెగ్‌హీమోగ్లోబిన్, మన నెత్తురుకు ఎరుపునిచ్చే హీమోగ్లోబిన్‌కు చుట్టం. ఆ రంగు కనబడిందంటే లోపల రైజోబియం గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు పెడుతోంది, మొక్క బదులుగా దానికి చక్కెర పెడుతోంది. చిదిమితే తెల్లగానో పచ్చగానో ఉందంటే పని సాగడం లేదు. నులిపురుగులు చేసే బుడిపెలు ఇలా ఉండవు. అవి వేరులోంచే ఉబ్బుతాయి, గీకినా ఊడవు. ఇవి వేలితో తోస్తే రాలిపోతాయి.

ఆ కుర్రాడు విత్తనానికి ఏ ప్యాకెట్టూ పట్టించలేదు. ఆ నేలలో శెనక్కాయ తరాలుగా పండుతోంది, దానికి కావలసిన రైజోబియం అక్కడే కాపురం ఉంది. ఈ మాట ఏ సేల్స్ కుర్రాడూ చెప్పడు. ఆదిలాబాద్‌లో ఇంతవరకూ సోయా ఎరగని చెలకలో తొలిసారి సోయా వేస్తుంటే మాత్రం కథ వేరు. సోయాకు సరిపడే బ్రాడీరైజోబియం అలాంటి నేలలో సమృద్ధిగా ఉంటుందన్న నమ్మకం లేదు, అక్కడ విత్తనానికి పట్టించడం అవసరం. ప్యాకెట్ మీద ‘రైజోబియం’ అని ఉంటే చాలదు, ఏ పంటకో రాసి ఉండాలి. శనగ రైజోబియం శెనక్కాయ వేరుకు బుడిపె వేయించదు. పేర్లు దగ్గరగా ఉన్నంత మాత్రాన ఆ బ్యాక్టీరియా మోసపోదు, మోసపోయేది మనమే.

ఇదేదో నిన్న మొన్న కనిపెట్టిన ‘లేటెస్ట్ టెక్నాలజీ’ అని ఎవరైనా చెబితే నమ్మకండి. పప్పుజాతి మొక్కలు వేరు బుడిపెల సాయంతో గాలి నత్రజనిని వాడుకుంటాయని జర్మనీలో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ 1886లోనే తేల్చారు. 1888లో హాలండ్‌లో బైయరింక్ ఆ బ్యాక్టీరియాను విడిగా పెంచి చూపాడు. 1896కల్లా జర్మనీలో నోబే, హిల్ట్‌నర్ దాన్ని ‘నైట్రాజిన్’ పేరుతో సీసాలో పెట్టి అమ్మారు. అంటే ఈ సరుకు వయసు నూటపాతికేళ్లకు పైమాటే. సరిగా వాడితే ఎంత పని జరుగుతుందో బ్రెజిల్ చూపించింది. యోహానా డోబెరైనర్ లాంటి శాస్త్రవేత్తలు పట్టుబట్టి దారి చూపగా, అక్కడ కోట్ల ఎకరాల సోయా దాదాపు నత్రజని ఎరువు లేకుండానే పండుతోంది. అక్కడ ఆ పొడి రైతు చేతికి వచ్చేసరికి బతికే ఉంటుంది, తేడా అంతా అందులోనే ఉంది.

మన దగ్గర చట్టం లేక కాదు. 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోకి 2006లో జీవన ఎరువులను తెచ్చారు. పొడి రూపంలో ఉంటే గ్రాముకు కనీసం 5 కోట్ల బతికున్న కణాలు, ద్రవమైతే మిల్లీలీటరుకు కనీసం 10 కోట్లు ఉండాలి. 200 గ్రాముల చిన్న ప్యాకెట్‌లో వెయ్యి కోట్ల ప్రాణాలన్నమాట. జీవ తెగులు మందుల సంగతి చూసే చట్టం వేరు, అది 1968 నాటి కీటకనాశినుల చట్టం. ట్రైకోడెర్మా పొడిలో గ్రాముకు కనీసం 20 లక్షలు ఉండాలి, సాల్మొనెల్లా, షిగెల్లా, విబ్రియో లాంటి రోగకారక క్రిములు అసలు ఉండకూడదు. కాగితం మీద ఇంత పకడ్బందీగా ఉంది. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆ అంకె ఉండే ఉండొచ్చు. అక్కడి నుంచి లారీ టాప్ మీద, డిస్ట్రిబ్యూటర్ గోడౌన్‌లో, మండల కేంద్రం వసారాలో గడిచిన నలభై రోజుల తర్వాత ఎన్ని మిగిలాయో ప్యాకెట్ చెప్పదు. దాని మీద ఎక్స్‌పైరీ తేదీ ఉంటుంది. ఆ తేదీ చల్లటి గదిలో ఉంచినదానికి వర్తిస్తుంది, రేకుల వసారాలో ఉడికినదానికి కాదు.

పాలప్యాకెట్‌ను ఎండలో పెట్టి అమ్మితే ఊరు ఊరంతా తగువేసుకుంటుంది. విరిగిన పాలు కంటికి కనబడతాయి మరి. చచ్చిన బ్యాక్టీరియా కనబడదు. అందుకే ఈ వ్యాపారంలో నిజాయతీగా తయారుచేసేవాడికీ, వట్టి లిగ్నైట్ పొడి నింపి అమ్మేవాడికీ అరలో ఒకటే చోటు, కొన్నిసార్లు ఒకటే ధర. మంచివాడు నష్టపోయి తప్పుకుంటాడు. రెండోవాడు ఇంకో పేరుతో మళ్లీ వస్తాడు.

కావాలని అడిగేవాడు లేకపోయినా ఈ ప్యాకెట్లు అమ్ముడవుతున్నాయి. ఎలాగో ఎరువుల కొట్టు ముందు క్యూ కట్టిన ప్రతి రైతుకూ తెలుసు. దాని పేరు లింకు. 2025 వానాకాలంలో తెలంగాణలో యూరియా కోసం చెప్పులు వరసలో పెట్టి తెల్లవారుజాము నుంచి కాపు కాసిన రోజులు ఎవరూ మరచిపోలేదు. సరుకు కరువైన చోట లింకు పుడుతుంది. రెండు బస్తాల యూరియా కావాలంటే ఒక నానో సీసానో, ఒక బయో డబ్బానో, రెండు ప్యాకెట్ల పొడో తీసుకోవాలి. వద్దంటే ‘‘స్టాక్ లేదన్నా’’ అనే మాట సిద్ధంగా ఉంటుంది. ఇలా అంటగట్టడాన్ని ఆపాలని 2025 జులైలో కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకూ లేఖ రాశారు. లేఖ ఢిల్లీలో బయల్దేరింది, ఊరి కొట్టుకు చేరిందా అని అడిగితే క్యూలో ఉన్నవాళ్లే జవాబు చెప్పాలి.

లింకు వల్ల పోయేది ఓ రెండొందల రూపాయలే అయితే ఇంత గొడవ అక్కర్లేదు. బలవంతాన కొన్న ప్యాకెట్‌ను రైతు నమ్మడు. ఇంటి చూరులో దోపుతాడు, వానాకాలం అయ్యాక చెత్తలో వేస్తాడు. పక్కింటాయన వేసి చూసి, ఏమీ తేడా కనబడక, ‘‘అదంతా బూడిదరా అబ్బాయ్’’ అని రచ్చబండ దగ్గర తేల్చేస్తాడు. ఆ తర్వాత పదేళ్లకు విశ్వవిద్యాలయం వాళ్లు మంచి సరుకు తెచ్చిచ్చినా ఆ ఊళ్లో ఎవరూ చెయ్యి చాపరు. చచ్చిన పొడి చేసే అసలు నష్టం అది.

ఇక రెండో అర. మిరప నేలల్లో, గుంటూరు, పల్నాడు, ఖమ్మం, వరంగల్ వైపు, ‘బయోలు’ అంటే అందరికీ తెలిసిన మాట. పొట్టి సీసా, మెరిసే లేబుల్, పేరులో ఏదో ఒక ‘గోల్డో’ ‘పవరో’. లోపల ఏముందో రాసి ఉండదు. ‘సేంద్రియ పదార్థాలు’, ‘మొక్కల సారం’, ‘సహజ ఎంజైములు’ అని మాత్రం ఉంటుంది. 2021-22లో నల్ల తామరపురుగు మిరప పూతను ఊడ్చేసిన ఏడాది ఈ సీసాలకు పండగ. పూలలో గుంపులుగా దూరిన పురుగుకు మామూలు మందులు పనిచేయక, రైతులు చేతికి అందిందల్లా కొట్టారు. ఒక్కో బయో కొట్టిన మర్నాటికే పురుగు రాలింది. అక్కడే అనుమానం రావాలి. బవేరియా అనే బూజు లాంటి నిజమైన జీవ మందు పురుగు చర్మానికి అంటుకుని, మొలకెత్తి, లోపలికి చొచ్చుకుపోయి చంపడానికి రోజులు పడుతుంది. రాత్రికి రాత్రి రాల్చే ‘బయో’లో ఉన్నది బయో కాదు, లేబుల్ మీద పేరు లేని పురుగుమందు.

‘‘పేరేదైతే ఏంటి సార్, పురుగు చచ్చిందిగా’’ అని నాతో అన్నవాళ్లున్నారు. ఆ మాటకు జవాబు ఆసుపత్రిలో దొరుకుతుంది. రిజిస్టరైన పురుగుమందు సీసా మీద రంగు త్రికోణం ఉంటుంది, మందు పేరు ఉంటుంది, విరుగుడు ఏమిటో రాసి ఉంటుంది. స్ప్రే చేస్తూ కళ్లు తిరిగి పడిపోయిన మనిషిని తీసుకొస్తే డ్యూటీ డాక్టర్ మొదట అడిగేది, ‘‘సీసా తెచ్చారా?’’ అని. ఆర్గానోఫాస్ఫేట్ అయితే అట్రోపిన్ పెడతారు. ఇంకో రకమైతే ఇంకో దారి. కొన్నిటికి విరుగుడే లేదు, లక్షణాలను బట్టి కాపాడుకోవాలి. చేతిలో పెట్టింది ‘వంద శాతం సేంద్రియం’ అని రాసిన సీసా అయితే ఆ డాక్టర్ ఏం చూసి వైద్యం చేయాలి? సేంద్రియమే కదా అని ముక్కుకు గుడ్డ కూడా కట్టకుండా, చొక్కా విప్పి కొట్టే రైతుకు, ఆడకూలీలకు అది మామూలు పురుగుమందు కన్నా ప్రమాదం. విషమని తెలిస్తే కనీసం గాలి వాటం చూసి నిలబడతాం.

ఆ తర్వాత కాయ సంగతి. ఏ మందు ఎప్పుడు కొట్టామో తెలియకపోతే కోతకు ఎన్నాళ్లు ఆగాలో తెలియదు. విదేశాలకు వెళ్లే మిరపలో మందు అవశేషాలు ఎంత ఉన్నాయో గుంటూరులోనే స్పైసెస్ బోర్డు ప్రయోగశాల చూస్తుంది. అక్కడ దొరికిన రసాయనం పేరు విని రైతు, ‘‘నేనది కొట్టనే లేదు’’ అంటాడు. నిజమే చెబుతున్నాడు. కొట్టింది ఆ సీసా.

ఇది మన ఊళ్లకే పరిమితమైన మాయ కాదు. 2020 చివర్లో అమెరికాలో కాలిఫోర్నియా వ్యవసాయ శాఖ, సేంద్రియ సాగుకు పనికొస్తుందని అమ్ముతున్న ఒక ఉత్పత్తిలో గ్లైఫోసేట్, డైక్వాట్ అనే కలుపుమందులు పట్టుకుని వెంటనే వాడకం ఆపించింది. అంత తనిఖీ ఉన్న చోటే అలా జరిగితే, మండలానికి ఒక అధికారి, ఆ అధికారికి పాతిక పనులు ఉన్న మన దగ్గర ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. మన దేశంలో 2021 ఫిబ్రవరిలో బయోస్టిమ్యులెంట్లను, అంటే మొక్క ఎదుగుదలకు ఊతమిస్తాయని అమ్మే ఇలాంటి సరుకును, కూడా ఎరువుల ఉత్తర్వులోకి తెచ్చి, వాటిలో పురుగుమందు 0.01 పీపీఎం మించకూడదని రాశారు. నాలుగేళ్లు తాత్కాలిక అనుమతులతోనే గడిచిపోయాయి. ఏళ్లపాటు దాదాపు 30,000 బయోస్టిమ్యులెంట్లు అదుపు లేకుండా అమ్ముడయ్యాయని, కట్టడి చేశాక సుమారు 650 మిగిలాయని 2025లో కేంద్ర మంత్రే చెప్పారు. మిగతావన్నీ మాయమయ్యాయనుకుంటే అమాయకత్వం. పేరు మార్చుకుని, లేబుల్ మార్చుకుని పల్లెదారి పట్టడానికి వాటికి ఎన్నాళ్లు పడుతుంది?

తప్పంతా అమ్మేవాడిదే అనేస్తే మన పొలంలో జరిగేది దాగిపోతుంది. బతికున్న పొడిని మనమే చంపుతున్నాం. ఎలాగంటే డ్రమ్ములో. మిరపకు ఆకుమచ్చ కనబడితే కాపర్ ఆక్సీక్లోరైడ్, స్ట్రెప్టోసైక్లిన్ కలిపిన డ్రమ్ములోనే ‘ఎలాగూ కొట్టేదేగా’ అని సూడోమోనాస్ కూడా పోస్తున్నారు. స్ట్రెప్టోసైక్లిన్ పుట్టిందే బ్యాక్టీరియాను చంపడానికి, సూడోమోనాస్ ఒక బ్యాక్టీరియా. ట్రైకోడెర్మా ఒక బూజు, దాన్ని తీసుకెళ్లి బూజును చంపే కార్బెండజిమ్‌తో కలుపుతున్నారు. ఇద్దరు శత్రువులను ఒకే గదిలో పెట్టి తాళం వేసి, తెల్లారి తలుపు తీస్తే ఇద్దరూ పలుగూ పారా పట్టుకుని పనికి వెళ్తారనుకున్నట్టుంది. అజోస్పిరిల్లమ్‌ను యూరియాలో కలిపి చల్లేవాళ్లూ ఉన్నారు. ఒక్క ట్రిప్పులో పని తేలిపోతుందన్న తొందరే దీనికంతటికీ మూలం. కూలి రేట్లు చూస్తే ఆ తొందర అర్థం కాకపోదు, కానీ డ్రమ్ములో చచ్చిన మందుకు కూలి కూడా దండగే.

విత్తనశుద్ధిలోనూ ఇదే. వరస తప్పితే ఖర్చంతా పోతుంది. ముందు తెగులు మందు పట్టించాలి, తర్వాత పురుగుమందు, అన్నిటికన్నా చివర, విత్తే ముందు, రైజోబియం. కాస్త బెల్లం నీళ్లలో కాచి, పూర్తిగా చల్లారనిచ్చి, అందులో పొడి కలిపి విత్తనానికి పల్చగా పట్టించి నీడలో ఆరబెట్టాలి. చాలామంది ‘చల్లారనిచ్చి’ అన్న మాటను పట్టించుకోరు. గోరువెచ్చగా ఉంటే బాగా అంటుకుంటుందని వేడి పాకంలోనే కలిపేస్తారు. కొందరు గింజ త్వరగా ఆరాలని కళ్లంలో ఎండలో పరుస్తారు. మే నెల వసారాలో బతికి బయటపడ్డ బ్యాక్టీరియా మన కళ్లంలో చస్తుంది.

ఎక్కడ పనిచేయదో తెలియడం కూడా అంతే అవసరం. మైకోరైజా అనే వేరుబూజు సన్నటి దారాల్లాగా వేరు అందుకోలేని చోటికి పాకి భాస్వరం తెచ్చిపెడుతుంది. మంచి చుట్టమే. కానీ క్యాబేజీ, కాలీఫ్లవర్, ఆవాలు ఉన్న కుటుంబానికి దానితో అసలు పొసగదు, ఆ వేళ్లలో అది కాపురం పెట్టదు. మైకోరైజా డబ్బా పట్టుకుని క్యాబేజీ తోటకు వచ్చిన మనిషి ఎదురైతే, ‘‘బాబూ, ఇది క్యాబేజీకి పడుతుందా?’’ అని ఒక్క ప్రశ్న వేయండి. ‘‘అన్ని పంటలకూ సూపర్ సార్’’ అంటే ఆ మనిషికి తన సంచిలో ఏముందో తెలియదు. ‘అన్ని పంటలకూ’ అన్న మాట వినగానే వెనక్కి తిరగండి.

ఇంకో అతి మాట, ‘‘ఇది వేస్తే యూరియా మానేయొచ్చు.’’ 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం నత్రజని, అంటే 20.7 కిలోలు. వరికి ఎకరాకు వేసే రెండు మూడు బస్తాలను ఒక లీటరు డబ్బా మాన్పిస్తుందని ఏ వ్యవసాయ విశ్వవిద్యాలయమూ చెప్పదు. కొంత తగ్గించుకోవచ్చంటుంది, అదీ నేలలో సేంద్రియ పదార్థం ఉంటే. బ్యాక్టీరియాకూ తిండి కావాలి, పశువుల ఎరువు చూడక పదేళ్లైన నేలలో అది ఏం తిని బతుకుతుంది? భాస్వరం సంగతి వేరు. ఏళ్ల తరబడి డీఏపీ కుమ్మరించిన డెల్టా పొలాల్లో భాస్వరం నేలలోనే బిగుసుకుని పేరుకుపోయి ఉంది. అక్కడ భూసార పరీక్ష చేయించుకుని, డీఏపీ తగ్గించి, భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియాను పశువుల ఎరువుతో వేయడం లెక్క ప్రకారం కుదిరే పని. నన్నడిగితే మన రాష్ట్రాల్లో జీవన ఎరువులకు అన్నిటికన్నా గట్టి చోటు అదే, దాన్ని గురించి మాట్లాడేవాళ్లే తక్కువ.

రసాయన ఎరువులు మానేయడానికి తొందరపడితే ఏమవుతుందో పక్కనే శ్రీలంక చూపించింది. 2021లో రసాయన ఎరువుల దిగుమతి ఒక్కసారిగా ఆపేసి, వరి దిగుబడి పడిపోయి, ఆ నవంబరుకే వెనక్కి తగ్గింది. అదే ఏడాది చైనా నుంచి తెప్పించిన సేంద్రియ ఎరువు నమూనాల్లో ఎర్వీనియా అనే, మొక్కల్ని కుళ్లబెట్టే బ్యాక్టీరియా ఉందని అక్కడి క్వారంటైన్ అధికారులు నౌకను అడ్డుకున్నారు. కంపెనీ కాదంది, గొడవ చాలాకాలం నడిచింది. ఎవరి మాట నిజమన్నది అటుంచి, ఎరువు సంచిలో సూక్ష్మజీవి అంటే మంచిదే ఉండాలని రాసిపెట్టి లేదన్న సంగతి ఆ దేశానికి అలా తెలిసొచ్చింది. ఇంట్లో కలుపుకునే జీవామృతానికీ ఇది కాస్త వర్తిస్తుంది. అది కొనే సరుకు కాదు గనక మోసం లేదు, కానీ పచ్చిపేడ ద్రావణాన్ని కోతకు ముందు కొత్తిమీర మీద, పాలకూర మీద చల్లకండి. ఆ ఆకులు మన పిల్లలు సరిగా కడక్కుండా తింటారు.

ప్రభుత్వాలు చేయాల్సింది చాలా ఉంది, వాటిలో ఒకటే పట్టుకుని అడుగుతాను. నమూనాలు ఎప్పుడు, ఎక్కడ తీస్తున్నారు? రసాయన ఎరువు నమూనాను ఏడాదిలో ఎప్పుడు తీసినా నత్రజని శాతం ఒకటే వస్తుంది. జీవన ఎరువు అలా కాదు. జనవరిలో, ఏసీ గోడౌన్‌లో తీసిన నమూనా పాసవుతుంది. తీయాల్సింది మే చివరి వారంలో, మండల కొట్లో, రైతు చేతికి అందే ఆ అర మీది నుంచి. తీసినదాన్ని ఐసు పెట్టెలో ప్రయోగశాలకు పంపాలి, లేకపోతే దారిలో చచ్చినదానికి కంపెనీని నిందించినట్టవుతుంది. ఫలితం విత్తనం వేసే లోపు జిల్లాలో అందరికీ కనబడేలా బ్యాచ్ నంబరుతో సహా ప్రకటించాలి. పంట అమ్ముకున్నాక వచ్చే రిపోర్టు ఎవరి కోసం? రైతు సేవా కేంద్రాలకు, రైతు వేదికలకు ఎన్నో పరికరాలు ఇచ్చారు. ఒక్కో చోట ఒక మామూలు ఫ్రిజ్ ఇస్తే, ఆ ఊరి జీవన ఎరువు అంతా అందులో పడుతుంది.

అంతవరకూ మన జాగ్రత్త మనది. అమరావతి వ్యవసాయ పరిశోధనా స్థానం, రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం లాంటి చోట్ల జీవన ఎరువులు తయారవుతాయి. మీ కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగితే ఎప్పుడు, ఎక్కడ దొరుకుతాయో చెబుతారు. ముందే చెప్పి, విత్తే వారంలో తెచ్చుకోండి, నెల ముందు తెచ్చి అటక మీద పెట్టకండి. నలుగురి తరఫున ఒకరే వెళ్లి, తడి గోనెసంచి చుట్టిన పెట్టెలో తెస్తే ఖర్చూ కలిసొస్తుంది, సరుకూ బతుకుతుంది. కొట్లో కొనాల్సి వస్తే ముందు ఆ పెట్టె ఎక్కడ పెట్టి ఉందో చూడండి, తర్వాతే లేబుల్. సూక్ష్మజీవి పేరు, ఏ పంటకు, గ్రాముకు ఎన్ని కణాలు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ ఉండాలి. జీవ పురుగుమందో తెగులు మందో అయితే సీఐఆర్ అని మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఇవేవీ లేకుండా ‘బయో’ అని మాత్రమే ఉన్న సీసాను ఊరికే ఇచ్చినా ఇంటికి తేకండి.

ట్రైకోడెర్మా కొన్నవాళ్లు దాన్ని నేరుగా చల్లకండి. రెండు కిలోల పొడిని తొంభై కిలోల బాగా చివికిన పశువుల ఎరువు, పది కిలోల వేపపిండితో కలిపి, నీడలో కుప్ప పోసి, తడి గోనె కప్పి, వారం పది రోజులు నీళ్లు చిలకరిస్తూ పెంచి, అప్పుడు ఎకరా చేనులో తేమ మీద వేయండి. పొడి బతికి ఉంటే ఆ వారంలో కుప్ప మీద బూజు పాకుతుంది. ఆకుపచ్చగా కనబడ్డదల్లా ట్రైకోడెర్మా కాదు, అలాంటి బూజులు వేరేవీ ఉన్నాయి. కానీ పది రోజులైనా కుప్ప పొడిపొడిగా, ఏమీ పట్టకుండా ఉంటే మాత్రం అనుమానించండి.

బిల్లు అడగండి. ‘‘బిల్లెందుకు అన్నా, మనోళ్లేగా’’ అంటే, మనోళ్లే కాబట్టి ఇమ్మనండి. బిల్లు మీద పేరు, బ్యాచ్ నంబరు రాయించండి. లింకు పెట్టి అంటగడితే ఆ సంగతి మండల వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి, కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551. కొన్నవాటిలో ఒక ప్యాకెట్ విప్పకుండా ఇంట్లో చల్లని చోట, మట్టికుండ పక్కన, బిల్లుతో పాటు పెట్టుకోండి. రైజోబియం పట్టించినవాళ్లు విత్తిన ముప్ఫై అయిదో రోజున చేనులో ఐదారు చోట్ల మొక్కలు పీకి వేళ్లు చూడండి. పీకేటప్పుడు లాగేస్తే బుడిపెలు నేలలోనే ఉండిపోతాయి. పారతో మట్టితో సహా ఎత్తి, నీళ్లలో ముంచి కడిగి, గోటితో చిదిమి చూడండి. గులాబీ రంగు కనబడకపోతే ఆ విప్పని ప్యాకెట్, ఆ బిల్లు పట్టుకుని అదే వారం అధికారి దగ్గరికి వెళ్లండి.